మావయ్య టైపు చేసిన అఫిడవిట్

ఇంటి పన్ను ఇన్‌స్పెక్టరు మా ఇంటికి వచ్చిన రోజున తలుపు తీసింది నేనే. తొంభైల నడిమి సంవత్సరాలు అవి. నాకు ఇరవై ఏళ్లు. బి.ఏ. రెండో ఏడు పరీక్షలు అయిపోయి ఇంట్లో ఉన్నాను. మే నెల మధ్యాహ్నం జనక్‌పురి వీధుల్లో కుక్క కూడా కనపడదు. అమ్మ కూలర్ ముందు చాప వేసుకుని నిద్రపోతోంది. నాన్న ఆఫీసులో ఉన్నారు.

ఇన్‌స్పెక్టరు చంకలో పొడుగాటి రిజిస్టరు, చేతిలో కొలతల టేపు ఉన్నాయి. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను. గదులు కొలిచి రాసుకున్నాడు. తరువాత మేడ మెట్ల వైపు చూసి, "ఊపర్ కౌన్ రహతా హై, బేటీ?" అన్నాడు, పైన ఎవరుంటారని.

"ఊపర్ అంకల్ రహతే హై" అన్నాను.

"ఖానా అలగ్ బన్తా హై?" వంట వేరేనా అని అడిగాడు.

పైన ఉండేది మావయ్య. పొద్దున్న టీ తనే పెట్టుకునేవారు. ఒక్కోసారి ఉప్మా కూడా. మిగతా భోజనం మా ఇంట్లోనే. అదంతా చెప్పడం ఎందుకనిపించి, అప్పుడప్పుడు వేరే అన్నట్టుగా "హాఁ, కభీ కభీ" అన్నాను. అతను పైకి వెళ్లి, కిరసనాయిలు స్టవ్వూ నాలుగు గిన్నెలూ ఉన్న మూలను చూసి వచ్చి, రిజిస్టరులో ఏదో రాసుకుని, ఎండలోకి వెళ్లిపోయాడు. మావయ్య అప్పుడు ఇంట్లో లేరు. మా కరెంటు బిల్లు కట్టడానికి వెళ్లి క్యూలో నిలబడి ఉన్నారు.

ఢిల్లీలో పెరిగిన పిల్లలకి అందరూ అంకుళ్లే. పాల బూత్ దగ్గర ఆయన అంకుల్, స్కూలు బస్సు డ్రైవరు అంకుల్, అద్దెకున్న ఆయన అంకుల్. హిందీలో మాట్లాడేటప్పుడు మావయ్య అన్న మాట నా నోటికి రాలేదు. వచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. ఆ రోజు సాయంత్రానికే ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లిన సంగతి మరిచిపోయాను.

మావయ్య మాకు చుట్టం కాదు. మాది కోనసీమ, ఆయనది వరంగల్లు దగ్గర పల్లె. నాన్నా ఆయనా ఒకే మంత్రిత్వ శాఖలో పని చేసేవారు. నాన్న సెక్షన్‌లో గుమాస్తా, ఆయన స్టెనోగ్రాఫరు. ఢిల్లీకి వచ్చిన కొత్తలో మధ్యాహ్నం పూట కారియర్ విప్పి కూర్చుంటే ఆవకాయ వాసన పట్టుకుని పక్కకి వచ్చి కూర్చున్నారట. స్నేహం అలా మొదలైందని నాన్న చెప్పేవారు. ఆయన భార్య నాకు ఊహ తెలియకముందే పోయింది. పిల్లలు లేరు. ఒక రాఖీ పండక్కి, ఊరంతా అన్నలకి రాఖీలు కడుతుంటే చూసి, అమ్మ కూడా సరదాగా ఆయన చేతికి ఒకటి కట్టింది. ఆ తరువాత ఏ ఏడూ మానలేదు. అప్పటి నుంచి అమ్మకి ఆయన అన్నయ్యగారు, నాన్నకి బావగారు, నాకు మావయ్య.

రిటైరయిన కొన్ని నెలల్లో ఆయన సర్కారు క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. "ఊరికి పొయ్యి ఏం జేస్త బావా? ఆడ నన్ను గుర్తువట్టేటోడు ఎవడున్నడు?" అన్నారు ఒక ఆదివారం భోజనం దగ్గర. మాకు ఆఫీసు లోను మీద కట్టుకున్న కింది అంతస్తు ఒక్కటే ఉండేది. నాన్న, అమ్మ మొహం వైపు చూశారు. అమ్మ, "పైన గది వేద్దాం అన్నయ్యగారూ. మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు" అంది.

ఆ తరువాతి శుక్రవారం ఆయన వచ్చి, వంటింట్లో దేవుడి పటాల ముందు ఒక కవరు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. తన గ్రాట్యుటీలోంచి తెచ్చిన డబ్బు అది. మేడ మీది శ్లాబుకి ఇనుమూ సిమెంటూ ఆ డబ్బుతోనే వచ్చాయి. కాగితం రాసుకోలేదు. ఎంతని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. శ్లాబు పోసిన తరువాత గోనె సంచులు పరిచి పొద్దునా సాయంత్రమూ నీళ్లు పోసింది కూడా ఆయనే. నిక్కరు వేసుకుని గొట్టం పట్టుకుని నిలబడ్డ మావయ్యను చూసి నేను నవ్వితే, "నవ్వు బిడ్డా, నవ్వు. గిప్పుడు నీళ్లు దాగకుంటే రేపు నీ పెండ్లికి వచ్చిన సుట్టాలందరు గీ మేడ మీదికెల్లి కింద వడ్తరు" అనేవారు.

నాలుగేళ్లు ఆయన ఆ గదిలో ఉన్నారు. నా ఇంగ్లీషు వ్యాసాలు దిద్దారు. ఆఫీసు వేలంలో కొన్న పాత టైపురైటరు ఒకటి ఉండేది. వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా దాని మీద కొట్టి ఇచ్చేవారు, డబ్బు పుచ్చుకునేవారు కాదు. మేడ మీద టకటకలు వినిపిస్తూ ఉంటే కింద అమ్మ బియ్యం ఏరుకునేది.

నోటీసు చలికాలంలో వచ్చింది. ఇంటి పన్ను ఆఫీసు ముద్ర ఉన్న పలచటి కాగితం. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని మూడోసారి చదివారు. మా మేడ మీది అంతస్తు అద్దెకిచ్చినట్టు తేలిందనీ, అందువల్ల ఇంటి పన్ను విలువను ఇంతకు పెంచదలచుకున్నామనీ, అభ్యంతరం ఉంటే నెల లోపల రాసి ఇవ్వాలనీ అందులో ఉంది. పెంపు గది కట్టిన ఏడాది నుంచే లెక్కకు వస్తుంది. మొత్తం బాకీ కలిపితే నాన్న జీతం మూడు నెలలది.

"అద్దెకిచ్చామని ఎవరు చెప్పారు వీళ్లకి?" అన్నారు నాన్న.

నేను తల వంచుకున్నాను. ఇన్‌స్పెక్టరు వచ్చిన సంగతి అప్పుడు చెప్పాను. నాన్న నన్నేమీ అనలేదు. అమ్మే, "అంకులని ఎందుకన్నావే?" అని అడిగింది.

మా పక్కింట్లో ఒక పంజాబీ పెద్దాయన ఉండేవారు. లెక్కల శాఖలో పని చేసి రిటైరయ్యారు. తన ఇంటి పన్ను మీద రెండుసార్లు అభ్యంతరం పెట్టి గెలిచానని వీధిలో అందరికీ చెప్పుకునేవారు. నాన్న నోటీసు పట్టుకుని ఆయన దగ్గరికి వెళితే నేనూ వెంట వెళ్లాను. ఆయన మాకు టీ ఇప్పించి, ఓపిగ్గా హిందీలో విడమరిచి చెప్పారు. ఆ రోజుల్లో పన్ను ఇంటి కొలతను బట్టి ఉండేది కాదు. ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చన్నది ముందు అంచనా కట్టేవారు. అందులోంచి మరమ్మతులకని పదోవంతు తీసేసి, మిగిలింది పన్ను విలువగా పుస్తకంలో ఎక్కించేవారు. ఇంటివాళ్లే ఉంటున్నారంటే ఆ విలువ తక్కువగా ఉండి, పన్నులో రాయితీ దొరికేది. అద్దెకున్నారంటే వీధిలో నడుస్తున్న అద్దె ప్రకారం లెక్క కట్టేవారు. మా కొంప మీదికి వచ్చింది ఆ రెండో లెక్క.

"ఘబరానా నహీ, కంగారు పడకండి" అన్నారాయన. "ఇది ఇంకా పన్ను కాలేదు. మిమ్మల్ని అడుగుతున్నారంతే. నెల లోపల జవాబు ఇవ్వకపోతే మాత్రం ఒప్పుకున్నట్టు రాసేసుకుంటారు. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లండి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే మీరు అర్జీ ఇచ్చినట్టే కాదు. తరువాత వాయిదా ఇచ్చి పిలుస్తారు. అక్కడ కూడా ఓడిపోతే కోర్టుకి అప్పీలు ఉంది. కానీ ముందు పన్ను మొత్తం కట్టి వెళ్లాలి. కాబట్టి ఆఫీసులోనే గెలవాలి."

ఏమేం కావాలో చెప్పారు. ఇంటికంతటికీ ఒకటే మీటరని చూపించే కరెంటు బిల్లు. మా వీధిలో మా అంత ఇళ్లకి ఎంత పన్ను విలువ ఉందో చూపించే రసీదులు. వాటికోసం నాన్నా నేనూ రెండు ఆదివారాలు ఇంటింటికీ తిరిగాం. కొందరు రసీదు చూపించారు, కొందరు మా వల్ల తమ మీదికి వస్తుందేమోనని తలుపు సగమే తీశారు. అన్నిటికన్నా ముఖ్యమైనది పైన ఉన్న మనిషి ఇచ్చే అఫిడవిట్, తాను అద్దె ఇవ్వడం లేదని ప్రమాణం చేసి.

"ఆయన మీకు ఏమవుతారు?" అని అడిగారు పక్కింటాయన.

"బావగారు" అన్నారు నాన్న.

"మీ భార్యకి సొంత అన్నా?"

కాదన్నారు నాన్న.

"అయితే చుట్టరికం రాయకూడదు. ప్రమాణం చేసిన కాగితం అది. ఆయన రేషన్ కార్డు వేరు, కులం వేరు, ఊరు వేరు. అబద్ధమని తేలితే కేసంతా పోతుంది. స్నేహితుడు, దిక్కులేనివాడు, ఉచితంగా ఉండనిచ్చాం అని రాయండి." కొంచెం ముందుకి వంగి, గొంతు తగ్గించి, "ఇంకొకటి. ఆయన మీకు ఎప్పుడైనా డబ్బేమన్నా ఇచ్చారా? కట్టేటప్పుడు గానీ, తరువాత గానీ? ఇచ్చి ఉంటే దాన్నే అద్దె కింద పట్టుకుంటారు. తప్పకుండా అడుగుతారు" అన్నారు.

"లేదండీ" అన్నారు నాన్న.

నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ కవరు దేవుడి పటాల ముందు పెట్టడం నేను చూశాను. నాన్న నా వైపు చూడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అఫిడవిట్ మాట వచ్చింది. అమ్మ వడ్డించడం ఆపి, "చుట్టం కాదని ఎలా రాస్తారండీ, ఇన్నేళ్లు అన్నయ్యగారని పిలిచి?" అంది.

మావయ్యే సర్ది చెప్పారు. "గది మామూలు కాయితం చెల్లె. సర్కారోళ్లకు రాఖీ గీకీ ఏం ఎరుక? ఆఫీసుల ఇసొంటియి ఎన్ని కొట్టలే నేను. నువ్వు రాయి బిడ్డా, నేను టైపు చేస్త."

అలా చిత్తుప్రతి నా చేతికి వచ్చింది. ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నానని నాకు కొంచెం గర్వం. పక్కింటాయన చెప్పిన ముక్కలన్నీ వరుసగా రాసి, ఆఖరి వాక్యం మీద చాలాసేపు కూర్చున్నాను. తాను పిల్లలు లేని విధురుడిననీ, వేరే ఆధారం లేనివాడిననీ, ఇంటి యజమాని తన మీద కంపాషన్‌తో, అంటే జాలితో, ఉండనిచ్చాడనీ మావయ్య నోటితో రాశాను. ఆ మాట దొరికినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఆఫీసరు మనసు కరుగుతుందనుకున్నాను. దాన్ని ఎవరు కొట్టాలో, కొడుతున్నప్పుడు ఆ మనిషికి ఎలా ఉంటుందో నాకు తట్టలేదు. ఇరవై ఏళ్లు అంత చిన్న వయసేమీ కాదు. తట్టి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్న పైకి తీసుకెళ్లి ఇచ్చాను. మావయ్య మఫ్లరు చుట్టుకుని ఎండలో మిషను ముందు కూర్చున్నారు. స్టాంపు కాగితం జాగ్రత్తగా ఎక్కించి, నా చిత్తుప్రతిని పక్కన పెట్టుకుని మొదలుపెట్టారు. ఆయన వేళ్లు ఎంత వేగంగా పోతాయో నాకు తెలుసు. మొదటి పేరాలు అలాగే పోయాయి. ఆఖరి వాక్యం దగ్గర ఆగారు. కాగితం దగ్గరికి తీసుకుని చూశారు. తరువాత మెల్లగా, ఒక్కొక్క అక్షరమే కొట్టారు.

"ఇంగ్లీషు మంచిగ రాసినవ్ బిడ్డా" అన్నారు పూర్తయ్యాక. "కంపాషన్ల రెండు ఎస్సులు ఉంటయ్. నువ్వు ఒక్కటే రాసినవ్. నేను సరిజేసిన."

వాయిదా రోజున నాన్న, మావయ్య, నేను కలిసి వెళ్లాం. కాగితాల ఫైలు నా చేతిలో ఉంది. పక్కింటాయన కూడా వస్తానన్నారు గానీ ఆ రోజు ఆయనకి జ్వరం వచ్చింది. ఆఫీసు వరండాలో మాలాంటి వాళ్లు చాలామంది బల్లల మీద కూర్చుని ఉన్నారు. ఒకావిడ తన ఇంటి ఫొటోలు అందరికీ చూపిస్తోంది, గోడ ఎలా పగిలిందో చూడండని. పదకొండింటికని రాశారు, మమ్మల్ని పిలిచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మావయ్య ఆ రోజు ఆఫీసుకి వెళ్లే రోజుల్లోలాగా కోటు వేసుకున్నారు. ఇస్త్రీ చేసి ఉంది కానీ మోచేతుల దగ్గర మెరుపు వచ్చేసింది.

ఆఫీసరు నడివయసు మనిషి. జలుబు చేసి మాటిమాటికీ రుమాలు తీస్తున్నారు. మాటలో మర్యాద ఉంది. మేం ఇచ్చిన కాగితాలన్నీ తిరగేశారు. ఒకటే మీటరు కావడం మంచి ఆధారమన్నారు. వీధిలోని ఇతర ఇళ్ల రసీదులు పక్కన రాసుకున్నారు. అఫిడవిట్ చదివి, తల ఎత్తి మావయ్యను చూశారు.

"యే ఆప్ హై?" ఇందులో ఉన్నది మీరేనా అని.

"జీ, సాబ్."

"బాగా టైపు చేయించారు" అన్నారు ఆఫీసరు హిందీలో. తానే చేశానని మావయ్య చెప్పలేదు.

తరువాత ఆయన నాన్న వైపు తిరిగి, "ఈయన అద్దె ఇవ్వడం లేదు, సరే. పై అంతస్తు కట్టినప్పుడు గానీ, తరువాత గానీ ఈయన ఏమన్నా డబ్బు ఇచ్చారా? అడ్వాన్సు, సాయం, ఏ పేరుతోనైనా సరే?" అని అడిగారు.

నాన్న బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కింటాయనతో అన్నది వేరు, మావయ్య ఎదురుగా అనడం వేరు. ఏదో ఒకటి చెబుతారని, కొంత చెప్పి కొంత దాటేస్తారని అనుకున్నాను.

"లేదు సర్" అన్నారు నాన్న. "ఏమీ ఇవ్వలేదు."

ఆఫీసరు కలం ఎత్తి పట్టుకుని మావయ్యను అడిగారు. "ఆప్‌నే కుఛ్ దియా థా?"

మావయ్య నాన్న వైపు చూడలేదు. నిటారుగా నిలబడి, "నహీ సాబ్. మైనే కుఛ్ నహీ దియా" అన్నారు.

అది రాసుకుని, కింద సంతకం పెట్టమన్నారు ఆఫీసరు. నాన్న పెట్టారు. మావయ్య కోటు జేబులోంచి సొంత కలం తీసి పెట్టారు.

బస్సులో ముగ్గురికీ ఒక్క చోట సీట్లు దొరకలేదు. నాన్న ముందు, మావయ్య వెనక, నేను మధ్యలో నిలబడి వచ్చాం. మా స్టాపులో దిగాక నాన్న రేవడీల బండి దగ్గర ఆగి పావు కిలో కట్టించారు. మావయ్యకి ఆ గట్టి నువ్వుల బిళ్లలంటే ఇష్టం. పొట్లం ఇవ్వబోతే, "పండ్లు నొస్తున్నయ్ బావా, ఇప్పుడు వద్దు. బిడ్డకియ్యి" అన్నారు. ఆ మాట మామూలుగానే అన్నారు. అయినా నాన్న ఆ పొట్లం పట్టుకుని వీధి మలుపు దాకా అలాగే నడిచారు.

ఆ తరువాత ఇంట్లో మాటలు ఆగిపోలేదు. మావయ్య వేళకు భోజనానికి కిందికి వచ్చేవారు, వార్తలు చూసేవారు, నాతో జోకులు వేసేవారు. మారింది చిన్నచిన్న విషయాల్లో. ఇదివరకు వంటింట్లోకి వచ్చి కంచం తనే తీసుకునే మనిషి, అమ్మ పిలిచేదాకా ముందు గదిలో కూర్చునేవారు. రెండోసారి అన్నం పెట్టించుకోవడం మానేశారు. కూలర్ ఎక్కడ పెట్టాలి, గోడకి ఏ రంగు వేయించాలి అని నాన్న అడిగితే, "ఇల్లు మీది, మీకెట్ల నచ్చితె అట్ల" అనేవారు. ఇంతకు ముందు గంటసేపు వాదించేవారు.

ఆర్డరు వచ్చింది. మా అభ్యంతరం ఒప్పుకున్నారు. ఇల్లంతా సొంతానికి వాడుకుంటున్నట్టే లెక్క కట్టారు. పన్ను కొంచెమే పెరిగింది. పక్కింటాయన మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చి నాన్న వీపు తట్టారు. ఆ సాయంత్రమే మావయ్య నాన్నను పైకి పిలిచారు. నేను టీ గ్లాసులు పట్టుకుని మెట్లు ఎక్కుతుంటే మాటలు వినపడ్డాయి.

"మయూర్ విహార్ల మనోళ్లు ఒకాయన ఫ్లాట్ల ఒక అర్ర ఖాళీగున్నదట బావా. కిరాయి కూడ తక్కువనే. ఒకటో తారీఖు పోత."

"ఏవిటండీ ఇది? ఇప్పుడేమైందని?" అన్నారు నాన్న.

"ఏం గాలే."

"ఆ రోజు నేనన్న మాటకేనా? పన్ను కోసం అన్నానండీ బావగారూ. అలా అంటే గానీ ఒప్పుకోరని..."

"నాకెరుక లేదా? నేను గూడ అదే అన్న గద. నీ మీద నాకు కోపం లేదు. కని మల్ల రెండేండ్లకో మూడేండ్లకో ఇంకొకడు టేపు వట్టుకొని వస్తడు. మల్ల అడుగుతడు, పైన ఎవరని. మల్లొకసారి ఆ కాయితం నేను కొట్టలేను బావా."

నేను మెట్ల మీదే నిలబడిపోయాను. టీ చల్లారిపోయింది.

అమ్మ ఏడ్చింది. తిట్టింది కూడా, నాన్నని, నన్ను, పన్ను ఆఫీసుని. ఒకటో తారీఖున టెంపోలో ఆయన మంచం, ట్రంకు పెట్టె, టైపురైటరు ఎక్కించాం. స్టవ్వు మాత్రం వదిలేసి వెళ్లారు.

జనక్‌పురి నుంచి మయూర్ విహార్ అంటే ఊరికి ఆ కొస నుంచి ఈ కొస. యమున దాటాలి, రెండు బస్సులు మారాలి. మొదట్లో నాన్న ప్రతి ఆదివారం వెళ్లేవారు. రాఖీ పండక్కి అమ్మా నేనూ వెళ్లి వచ్చేవాళ్లం. ఒకసారి నాన్న బ్యాంకులోంచి డబ్బు తీసి, కవరులో పెట్టుకుని వెళ్లారు. నేనూ ఉన్నాను ఆ రోజు. గ్రాట్యుటీ మాట ఎత్తకుండా, "ఇది మీది బావగారూ, ఎప్పుడో ఇవ్వాల్సింది" అని బల్ల మీద పెట్టారు.

మావయ్య కవరు విప్పను కూడా విప్పలేదు. నవ్వి, "నేనేమియ్యలేదని సర్కారు కాయితంల ఉన్నది గద బావా. సంతకం గూడ జేసిన" అంటూ తిరిగి నాన్న చొక్కా జేబులో పెట్టారు. వేళాకోళంగానే అన్నారు. నాన్న కూడా నవ్వబోయారు. వచ్చేటప్పుడు బస్సులో నాన్న కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నారు. ఆయన భుజాలు కదలడం చూసి నేను వేరే వైపు చూశాను.

ఆ తరువాత వెళ్లడం నెలకొకసారి అయింది. తరువాత పండగలకి. నా ఉద్యోగం, నాన్న మోకాళ్లు, ఎండలు, వానలు, ఏదో ఒకటి ఉండేది. మూడో ఏడు జనవరిలో, పొగమంచుకి దారి కనపడని ఒక పొద్దున్న ఫోను వచ్చింది. మావయ్య నిద్రలోనే పోయారు. ఆ ఫ్లాటువాళ్లకి మా నంబరు వెతకడానికి రెండు గంటలు పట్టిందట.

మేం చేరేసరికి ఆ ఇంటివాళ్లు అన్నీ సిద్ధం చేసి ఉంచారు. నాన్న తలకొరివి పెట్టారు. శ్మశానంలో చీటీ రాసే మనిషి చనిపోయినవారికి మీరేమవుతారని అడిగితే, నాన్న తడుముకోలేదు. "మా బావగారు" అన్నారు. అతను అలాగే రాసుకున్నాడు. ఆధారం అడగలేదు.

తరువాత ఆ ఇంటావిడ మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. నెల్లూరు వాళ్లు. మంచి మనిషి. "బాబాయిగారు చాలా అభిమానంగా ఉండేవారండీ" అంది అమ్మతో. "ఇంటికి ఎవరొచ్చినా మీ గురించే చెప్పేవారు. జనక్‌పురిలో మా ఇల్లుంది, మేడ నేను దగ్గరుండి కట్టించిన, ఇక్కడికి కొన్నాళ్లకని వచ్చిన అనేవారు. అంత మంచి ఇల్లు వదిలిపెట్టి ఇక్కడెందుకున్నారు బాబాయ్ అంటే, ఎండాకాలం మేడ మీద వేడి జాస్తి అనేవారు."

అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. నాన్న లేచి బాల్కనీలోకి వెళ్లారు. నేను ఆయన గదిలోకి వెళ్లి బట్టలు మడత పెట్టాను. టైపురైటరు మీద దుమ్ము పడకుండా అమ్మ పాత చీర ముక్క కప్పి ఉంది. ఆయన దగ్గర క్షమాపణ అడగాలని ఎన్నో ఆదివారాలు అనుకున్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక, వచ్చేసారి అనుకుంటూ గడిపేశాను. ఆ కంపాషన్ అన్న మాట నాదని, నాన్నది కాదని, ఆయనకి తెలుసు. తెలిసే స్పెల్లింగు దిద్ది ఇచ్చారు.

మా మేడ మీది గదిని నాన్న ఎవరికీ అద్దెకివ్వలేదు. ఒకరిద్దరు వచ్చి అడిగారు, మంచి అద్దె చెప్పారు. లేదనేశారు. ఆ ఏడు పన్ను బిల్లు వచ్చినప్పుడు పక్కింటాయన గోడ మీంచి తొంగి చూసి, గది ఖాళీగా ఉంటే అన్నాళ్లకీ పన్నులో తగ్గింపు అడగవచ్చని, ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో ఒక అర్జీ రాసి ఇస్తే చాలని చెప్పారు. ఆయన మంచికే చెప్పారు. నాన్న నా వైపు చూసి, "రాస్తావా?" అని అడిగారు.

"రాయను నాన్నా" అన్నాను.

ఆయన తల ఊపి, చెప్పులు వేసుకుని, బిల్లు మొత్తం కట్టడానికి వెళ్లారు.